సరుకుతోపాటే కాయితం

పోయిన ఆదివారం మా కంప్యూటర్ టీచరమ్మ పోయారు. ఫోన్ పెట్టేశాక ముందు కోపం వచ్చింది, ఏడుపు తర్వాత వచ్చింది. ఆవిడ పోట్లాడాల్సిన వాళ్ళు ఇంకా ఎంతమందో మిగిలే ఉన్నారు.

తొంభైల చివర్లో నేను హోసూరులో ఆవిడ సెంటరులో చేరాను. అక్కడ నేర్పేదంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చు. ఆ మాట రాసిన లైసెన్సు పత్రాన్ని ప్రతి ప్రోగ్రాం పక్కనా పెట్టి సీడీలు తయారుచేసేవారు. అన్నిటికీ ఒకటే పత్రం కదా, ఒక మూల పెడితే చాలదా అని అడిగాను. ఆవిడ భర్త లారీ నడిపేవారు.

"సరుకు ఒక బండిలో, కాయితం ఇంకో బండిలో పోతే జూజువాడి చెక్‌పోస్టులో పోనిస్తారా అప్పా?" అన్నారు టీచరమ్మ.

బెంగళూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఇంకో మెలిక పెట్టాడు. లైసెన్సు పత్రాన్ని మార్చకూడదు కాబట్టి అది స్వేచ్ఛా సరుకు కాదట, తీసి వేరే వరసలో పెట్టాలట. మాట ఇచ్చిన కాగితాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు దిద్దుకుంటే ఇక ఆ మాటకు విలువేముందని టీచరమ్మ అడిగారు. అది సరుకే కాదు, సరుకు తాలూకు మాట అని తేల్చేసి, ఆయనకు కాఫీ ఇచ్చి పంపారు.

తర్వాత కృష్ణగిరిలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు తమ కంప్యూటర్లన్నిటిలో ప్రోగ్రాములు ఎక్కించే పని మాకు అప్పగిస్తామన్నారు. ఆ పని దొరికితే సెంటరు నిలబడుతుంది, లేకపోతే మూసెయ్యాలి. ఒకటే షరతు: ఆ పత్రాలు తీసేసి స్కూలు పేరు పెట్టాలి. అవన్నీ ఎవరు చదువుతారమ్మా అన్నాడు కరస్పాండెంటు. ఒప్పుకోమని నేను కళ్ళతోనే బతిమాలాను.

"చదవకపోతే పోనీ సార్. ఇది మీదేనని పిల్లోళ్ళకి చెప్పేది ఆ కాయితమే. దాన్ని పీకేసి ఇచ్చేదానికి నేను ఈడికి రాలేదు."

బస్టాండులో మామిడిపళ్ళు కొని నాకొకటి ఇచ్చారు. "నష్టపోయినానని యాడా చెప్పొద్దు. పోట్లాడినానని చెప్పు" అన్నారు.

సెంటరు మూతపడింది. ఆవిడ మాత్రం సంచీలో సీడీలు వేసుకుని, అత్తిముగం వైపు బడులకు బస్సెక్కి పోయేవారు. నకలు తీస్తే కేసవుతుందేమోనని జంకే టీచర్లకు ఆ పత్రం తెరిచి, తెలుగులో అర్థం చెప్పి, ధైర్యంగా పంచమనేవారు.

ఇప్పుడు నా పనీ అదే, ప్రోగ్రాములు ప్యాకేజీలుగా కట్టి పంపడం. ఆ పత్రాలతో చోటు దండగ అని కుర్రవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. నేనుండగా ఒక్క ప్యాకేజీ కూడా కాగితం లేకుండా గడప దాటదు.

ఆవిడను సాగనంపి తిరిగి వస్తుంటే సరిహద్దులో జూజువాడి చెక్‌పోస్టు దగ్గర మా బస్సు ఆగింది. ముందున్న లారీ డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాచి కాగితాలు అందించాడు. పోలీసు చూసి తిరిగిచ్చాడు. డ్రైవరు వాటిని కళ్ళకద్దుకుని తలపైన అరలో పెట్టి, బండి ముందుకు పోనిచ్చాడు.