తొమ్మిదిని పందొమ్మిదని చదివాను

పదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. కోర్టు శిక్ష వేసే తప్పు కాదు. ఒక తారీకు మార్చి చదివాను, అంతే. అంతేనా? అంతే అనుకుని బతకగలిగితే ఇదంతా మీకెందుకు రాస్తాను?

నాది మంచి నోరు కాదు. వాదనలో ఓడిపోవడం నాకు తెలీదు. కాలేజీలోనూ అంతే, అత్తారింట్లోనూ అంతే. చదువు రాని అమ్మ మీద కూడా గెలిచాను.

రేవులో పనిచేసే మా తమ్ముడు ఎమర్జెన్సీ రోజుల్లో పచ్చకామెర్లతో పోయాడు. ఇరవై మూడేళ్లు. పెళ్లి కాలేదు. తద్దినం పెదనాన్న కొడుకు పెట్టేవాడు. అక్కడ అమ్మకి చేసే పనేమీ లేదు, గోడకి ఆనుకుని కూర్చునేది. రెండో తద్దినం అయిన వారానికి వన్ టౌన్ నుంచి ద్వారకా నగర్‌లో మా ఇంటికి వచ్చింది, నాన్న పాత నోటుబుక్కు కొంగులో చుట్టుకుని. మా పుట్టుకలు నాన్న అందులో రాసేవాడు. ఆయన అప్పటికే లేడు.

"సచ్చిపోయిన రోజు ఆళ్లు సేసుకుంతన్నారు. పుట్టిన రోజు నాది. కన్నది నాను కదేటి? ఏ తారీకో సదివి సెప్పమ్మీ."

ఫిబ్రవరి తొమ్మిది అని ఉంది. నా కూతురు పుట్టింది కూడా ఆ తారీకునే. ఇంకో మూడు వారాల్లో పాపకి ఏడాది నిండుతుంది.

"పందొమ్మిది," అన్నాను.

"రతసప్తమికి ముందే పుట్టినట్టు గురుతు నాకు."

"నాన్న రాసింది తప్పా, నీ గుర్తు తప్పా?"

"బీయే సదివినదానివి. నీకంటే నాకెక్కువ తెలుసేటి," అని పుస్తకం మూసేసింది.

ఎందుకలా చదివాను? పాప పుట్టినరోజున ఇంట్లో ఏడుపు వద్దనుకున్నాను. ఇది నలుగురిలో చెప్పుకోదగ్గ కారణం. అసలుది వేరే ఉంది. వాడే మళ్లీ నా కడుపున పుట్టాడని అమ్మ అంటుందని, పాపని ఎత్తుకున్నప్పుడల్లా వాడినే చూసుకుంటుందని, నా బిడ్డ నాది కాకుండా పోతుందని భయపడ్డాను. అలా అంటే మాత్రం ఏం పోయేది? కొడుకు పోయిన మనిషికి ఆ కాస్త ఊరట దొరికితే నాకేం తక్కువయ్యేది?

ఏటా పందొమ్మిదిన అమ్మ పూర్ణా మార్కెట్‌కి తనే వెళ్లి రొయ్యలు తెచ్చి, ములక్కాడలు వేసి వండి, తమ్ముడి ఫొటో ముందు కంచం పెట్టేది. తొమ్మిదిన మా ఇంట్లో పాప చేత కేకు తినిపించుకుని నవ్వేది. అది కొడుకు పుట్టినరోజని తెలీక నవ్వేది. నేను చూస్తూ నిలబడేదాన్ని. ఇప్పుడు చెప్పేద్దాం అనుకునేదాన్ని. చెబితే ఇన్నేళ్లు పెట్టిన కంచాలు ఏమైపోతాయి, ఆమె తట్టుకోగలదా, అని నాతో నేనే వాదించుకుని, ఆ వాదనా నేనే గెలిచి ఊరుకునేదాన్ని.

మొన్న ఫిబ్రవరిలో అమ్మ ఆస్పత్రిలో పడింది. రోజూ పొద్దున్నే తారీకు అడిగేది. ఆ రోజు తొమ్మిది అని చెప్పాను. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.

"ఇంకా పది రోజులు. ఆడి రోజు ఎల్లనిచ్చి పోతాను. ఇయాల గుంట పుట్టినరోజు కదే, ఇక్కడేటి కూకున్నావు? ఇంటికెల్లు."

ఇవాళే అమ్మా, అనాలి. రెండే మాటలు. ఊరందరి మీదా లేచే నోరు సరే అంది. ఇంటికి వెళ్లాను. కొవ్వొత్తులు వెలిగించాను.

పదహారున పోయింది. ఆ పొద్దున కూడా ఇంకెన్నాళ్లని సైగ చేసింది. మూడు, అన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి లేదు. మీరు క్షమించామన్నా నేను ఒప్పుకోను, వాదిస్తాను. ఆమె ప్రాణం బిగబట్టి ఎదురుచూసిన రోజు వారం కిందటే ఆమె మంచం పక్కనుంచి వెళ్లిపోయింది. ఆ సంగతి ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.