గంగులు గారు తూచిన లాప్‌టాప్

సాలూరులో లారీ ఆఫీసు నడిపే గంగులు గారికి నమ్మకమున్న శాస్త్రం ఒక్కటే: బరువు. ముప్పై ఏళ్లు ఒడిశా ఘాట్‌రోడ్డు మీద లారీ తోలారు. బరువున్నది రోడ్డు మీద నిలుస్తుంది, తేలికైనది లోయలోకి పోతుందన్నది ఆయన సిద్ధాంతం. పుచ్చకాయనైనా, కాబోయే అల్లుణ్నైనా వీపు తట్టి చూశాకే ఒప్పుకున్నారు.

అలాంటి ఇంటికి కోడలు సుహాసిని విజయనగరం నుంచి చౌకరకం లాప్‌టాప్ ఒకటి తెచ్చింది. అప్పడంలా పల్చగా ఉంది. సరుకుల ఈ-వే బిల్లులు తీసేది ఆమే. ఆ బిల్లు లేనిదే లారీ కదలకూడదు. ఆఫీసులోని పాత కంప్యూటరుకు బరువైతే ఉంది గానీ, కరెంటు పోతే దానికీ ప్రాణం పోయేది.

గంగులు గారు లాప్‌టాప్‌ను వేలితో తట్టారు. తృప్తి కలగక లారీలు తూచే కాటాకు పట్టుకెళ్లారు. కాటా సున్నా చూపించింది.

“సూసినావా అమ్మీ? సీలేసిన కాటా, అబద్ధమాడదు. ఇందులో ఏటీ నేదు.”

“ఆకుకూర తేడానికి పద్నాలుగు టైర్ల బండి కడతావేటి మావయ్యా? మనకి బిల్లులూ ఉత్తరాలే కదా. ఇది సాల్తాది.”

“పెళ్లి వీడియోలు సెయ్యగలదేటమ్మా?” అన్నాడు కాటా గుమాస్తా నాగబాబు.

“నేదు, దానికి పెద్దదే కావాల,” అని సుహాసిని ఒప్పేసుకుంది. ఆ నిజాయితీ ఆమె కేసును మరింత దెబ్బతీసింది.

తీర్పు వెలువడింది. “శనారం దాకా సూస్తాను. ఒక్క బిల్లు ఆగినా ఇది షాపుకెళ్తాది, బిల్లుల పని బయటోళ్లకెళ్తాది.”

డిగ్రీ చదివి ఆరేళ్లు వంటింట్లో గడిపాక సుహాసినికి దొరికిన కుర్చీ ఆ బిల్లుల పని.

తీర్పు సంగతి ఎలా ఉన్నా, కొత్త బండికి మర్యాద తప్పదు. గంగులు గారు పసుపు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, లాప్‌టాప్ నాలుగు మూలల కిందా నిమ్మకాయలు పెట్టారు. ఒక్కటీ నలగలేదు. ఆయనకు ఇంకో రుజువు దొరికింది.

శుక్రవారం గాలివాన. ఊరంతా కరెంటు లేదు. అప్పుడే ఘాట్ మీంచి డ్రైవరు ధనరాజ్ ఫోను.

“ఆక్సిల్ ఇరిగిపోనాది! సింతపండు ఇంకో బండిలోకి ఎక్కించేసినాం. బిల్లులో బండి నంబరు మార్సితేగానీ కదల్నేం!”

గంగులు గారు పాత కంప్యూటరు వైపు చూశారు. అది ఆయన వైపు నల్లగా చూసింది. సుహాసిని లాప్‌టాప్ తెరిచి, ఫోను నెట్టు కలిపి, నంబరు మార్చింది. పట్టినది అయిదు నిమిషాలు. ఆ ఊపులో మిగతా లారీల బిల్లులు కూడా తీసేసింది.

“సార్జింగెంతున్నాది?” అన్నారాయన.

“సగం పైనే, మావయ్యా.”

“ట్యాంకు సిన్నదే. మైలేజీ ఉన్నాది.”

అయినా శనివారం పొద్దున్నే ఆయన లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్తుంటే, షాపుకేననుకుని సుహాసిని చార్జరు కూడా తెచ్చి ఇచ్చింది. మధ్యాహ్నం తిరిగొచ్చారు. లాప్‌టాప్‌కు లారీ టార్పాలిన్‌తో కుట్టించిన సంచీ ఉంది. దాని మీద రెండు తామరపూల మధ్య పెయింటరు రాసిన పేరు: సుహాసిని. ఇంతవరకూ ఆయన బండ్ల మీద కొడుకుల పేర్లే ఉండేవి.

కింద, లారీల నిబంధనల ప్రకారం, ఖాళీ బండి బరువు: కిలో రెండొందల గ్రాములు. ఈసారి కిరాణా కొట్టులో తూయించారు.