తుడిచేయమన్నది నేనే

2010వ సంవత్సరం. తార్నాకలో మా ఇంటి డాబా మీదికి ప్రత్యేక రాష్ట్రం కోసం అట్టుడికే యూనివర్సిటీ క్యాంపస్ వైపు నుంచి టియర్ గ్యాస్ ఘాటు వారానికి రెండుసార్లయినా వచ్చే రోజులు. మా ఆవిడ తడి తువ్వాళ్లు సిద్ధంగా పెట్టుకునేది. నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఎనిమిదేళ్లు చేశాను. అందులో సగం కాలం కుర్రాళ్లకు విమానం నడపడం నేర్పడంలోనే గడిచింది. మాది తెనాలి దగ్గర ఊరు, కానీ రిటైరయ్యాక తార్నాకలోనే ఇల్లు కట్టుకున్నాం. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు, నోరు అంతకన్నా ఊరుకోదు. ఆఫీసర్ శిక్షణకూ ఫ్లయింగ్ స్కూలుకూ వెళ్లబోయే పిల్లల్ని పొద్దున్నే డాబా మీద కూర్చోబెట్టి సలహాలివ్వడం మొదలుపెట్టాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ లోకువ నాకు బాగానే ఒంటబట్టింది.

చెప్పినవన్నీ పనికిమాలినవని అనను. ఛెయిర్ ఫ్లయింగ్ అని ఒక పద్ధతి ఉంది. ప్లాస్టిక్ కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చోవాలి. ఎడమ చేతిలో ఇంజన్ జోరు పెంచే థ్రాటిల్, కుడి చేతిలో విమానాన్ని తిప్పే స్టిక్ ఉన్నాయనుకుని, ఇంజన్ స్టార్ట్ చేసిన దగ్గర్నుంచి నేల మీద దిగేదాకా ఒక్కో పనీ పైకి చెప్పుకుంటూ పోవాలి. ఎదురింటి డాబా మీద వడియాలు పెట్టే ఆవిడ మమ్మల్ని చూసి వీళ్లకేదో పట్టిందనుకునేది. ఇంకొకటి డిబ్రీఫింగ్. విమానం దిగాక ఇన్‌స్ట్రక్టర్, శిష్యుడు కూర్చుని ఆ పూట జరిగిన పొరపాట్లు మాట్లాడుకుంటారు. అక్కడ తప్పు ముందు నీ నోటి నుంచే రావాలి, నీ గురువు నోటి నుంచి కాదు అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

వాళ్లలో మహేందర్ ఒకడు. నల్గొండ వైపు పల్లెటూరు. తండ్రి మల్కాజ్‌గిరిలో ఆటో నడిపేవాడు. ఇతను అడిక్‌మెట్‌లో గది తీసుకుని క్యాంపస్‌లో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివేవాడు. తక్కువ మాట్లాడతాడు, చెప్పింది ఒక్కసారికే పట్టుకుంటాడు. బంద్ రోజున బస్సులు లేకపోయినా గల్లీల్లోంచి నడిచి ఆరింటికల్లా వచ్చేవాడు. సెలక్షన్ బోర్డులో మొదటిసారి పోయింది, రెండోసారి గెలిచాడు. ఆ సాయంత్రం వాళ్ల నాన్న ఆటోలోనే వచ్చి, చెప్పులు గేటు బయటే విడిచి, మా వాణ్ని మీరే దారిల పెట్టాలె సార్ అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను పొంగిపోయాను, దాచుకోవడమెందుకు.

చేరడానికి రెండు వారాల ముందు మహేందర్ అటెస్టేషన్ ఫారం పట్టుకొచ్చాడు. ఎవరు, ఎక్కడివాడు, ఎలాంటివాడు అని అడిగే కాగితం అది. దాన్ని పట్టుకునే పోలీసులు విచారించి రిపోర్టు పంపుతారు. అందులో, మీరెప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు ఉందా అని ఒక ప్రశ్న. దాని ఎదురుగా పెన్సిల్‌తో అవును అని రాసుకొచ్చాడు. జతగా ఇంకో కాగితం. ఉద్యమంలో రైలు పట్టాల మీద కూర్చున్న రోజు గురించి, పోలీసులు నలభై మందిని వ్యాన్లెక్కించి సాయంత్రం దాకా ఒక ఫంక్షన్ హాల్లో ఉంచి పేర్లు రాసుకుని వదిలేసిన సంగతి, తర్వాత ఎఫ్ఐఆర్‌లో తన పేరున్నట్టు తెలిసిన సంగతి, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. పెన్నుతో దిద్దేముందు నాకు చూపించాలనుకున్నాడు.

నేను ఆ కాగితం పూర్తిగా చదవను కూడా చదవలేదు. "ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టి ఉప్మా పెట్టి పంపిస్తే అది అరెస్టా? లేదు అని రాసెయ్. కోరి తద్దినం తెచ్చుకోకు," అన్నాను.

మహేందర్ ఆ పెన్సిల్ రాత మీద వేలు పెట్టాడు. "అబద్ధమైతది గద సార్?"

"ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను నాయనా. ఈ కాగితాలు ఎవడూ చదవడు."

రబ్బరు కూడా నేనే తెచ్చిచ్చాను. తుడిచేశాడు. ఆ రెండో కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వంటింట్లోంచి మా ఆవిడ అంతా విన్నది. వాడు వెళ్లాక, ఉన్నది ఉన్నట్టు రాసుకున్నవాణ్ని మీరెందుకండీ చెడగొట్టారు అంది. నీకు తెలీదు ఊరుకో అన్నాను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అది వాడి మంచికోసం ఇచ్చిన సలహా అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. సగమే నిజం. ఆ రోజుల్లో కూరగాయల బండి దగ్గర ఒకతను నవ్వుతూనే, మీరెప్పుడు పోతరు సార్ మీ ఊరికి అని అడిగాడు. దేశం కోసం ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసిన నన్ను పట్టుకుని ఆ మాటా అని నాకు మండిపోయింది. మహేందర్ కాగితంలో ఉద్యమం కనబడగానే ఆ మంటే మళ్లీ లేచింది. అది లేనట్టు ఉంటే బాగుండుననిపించింది. నా కంటికి నలుసైనదాన్ని వాడి చేత తుడిపించాను.

మహేందర్ శిక్షణకు వెళ్లాడు. ఆదివారాలు ఫోన్ చేసేవాడు. మొదట్లో గాలిలో కడుపు తిప్పేస్తోందన్నాడు, తర్వాత సర్దుకుంది. ఒక ఆదివారం ఫోన్లో ఊపిరాడనంత సంతోషంతో, సోలో అయింది సార్ అన్నాడు. సోలో అంటే పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒక్కడే విమానం ఎక్కి దిగడం. పైలట్‌కి అది జన్మలో ఒక్కసారే వచ్చే రోజు. డిబ్రీఫింగ్‌లో తన తప్పులు తనే ముందు చెబుతున్నాడని వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ మెచ్చుకున్నాడట. మీరు చెప్పిందే సార్ అన్నాడు. ఆ రోజు మా ఇంట్లో పాయసం.

నెల తిరగకుండా పోలీసుల వెరిఫికేషన్ రిపోర్టు అక్కడికి చేరింది. పై అధికారులు పిలిచి అతని ఫారం, ఆ రిపోర్టు పక్కపక్కన పెట్టి అడిగారట. మహేందర్ ఒప్పుకున్నాడు. నిజం దాచినందుకు శిక్షణ నుంచి తీసేశారు. పెట్టె పట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు. మా ఆవిడ పెట్టిన అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"కేసుకు కాదంట సార్," అన్నాడు చివరికి. "చెప్పి ఉంటే చూస్తుంటిమి అన్నడు ఆ పెద్ద సారు. మీ దిక్కు పిల్లలకు గిసొంటివి ఉన్నయని మాకు ఎరికే అన్నడు. గిది దాచినోడివి, రేపు ఇంజన్ల తేడా వస్తె అది గూడ దాస్తవా అని అడిగిండు."

నా పేరు చెప్పావా అని అడిగాను. సంతకం నాది గద సార్ అన్నాడు. ఆ మాటకు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పీలుకు ముప్పై రోజుల గడువిచ్చారు. ఇలా రాయమన్నది నేనేనని, ఫలానా మాజీ వింగ్ కమాండర్‌నని పై అధికారులకు ఉత్తరం రాయాలనుకున్నాను. రాశాను కూడా. కానీ ఆ బల్లల వెనక కూర్చున్నవాళ్లు నాతో పనిచేసినవాళ్లు, నా దగ్గర నేర్చుకున్నవాళ్లు. వాళ్ల ముందు నా పరువేం కావాలి అని వెనకాడాను. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూనే గడువు దాటించి, నలభయ్యో రోజున పోస్టు చేశాను. గడువు మీరినందున పరిశీలించలేమని రెండు వాక్యాల జవాబు వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానని కూడా అనలేను. కాలిన చేతులు నావి కావు.

రాష్ట్రం వచ్చాక ఉద్యమ కేసులు చాలావరకు ఎత్తేశారు. ఆ తర్వాత ఒకరోజు ధైర్యం చేసి మల్కాజ్‌గిరి వెళ్లాను. మహేందర్ అక్కడొక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాడు. స్టాఫ్ రూమ్‌లో టీ తెప్పించాడు. గడువు దాటాక పోస్టు చేసిన ఉత్తరం సంగతి దాచకుండా చెప్పి, క్షమించమన్నాను. మహేందర్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికపడేవాణ్ని.

"కేసు ఎత్తేసిన్రు సార్. నా ఫైల్ల అబద్ధం మాత్రం అట్లనే ఉన్నది," అన్నాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, "పట్టాల మీద కూసున్నందుకు నాకు ఎన్నడూ సిగ్గనిపియ్యలే. మీరు తుడవమన్నంకనే, ఓహో ఇది సిగ్గుపడేటిది కావచ్చు అనుకున్న," అన్నాడు.

బెల్లు కొట్టారు. క్లాసున్నది సార్ అని లేచి, గేటు దాకా నాతో వచ్చి, ఆటో మాట్లాడి ఎక్కించి వెళ్లాడు. దారంతా ఏడ్చాను.

ఇప్పటికీ కొత్తగా ఆఫీసర్లైన పిల్లలు ఫ్లయింగ్ స్కూలుకు వెళ్లేముందు వస్తుంటారు. కుర్చీ అభ్యాసం చెబుతాను, నిద్ర పాడుచేసుకోవద్దంటాను, చెక్‌లిస్ట్ నోటికి రావాలంటాను. మహేందర్ పేరు చెప్పకుండా, నా పేరు దాచకుండా ఈ సంగతీ చెబుతాను. మొన్న భుజాన ఆర్మీ నక్షత్రాలు తళతళలాడుతుంటే ఒక అమ్మాయి వచ్చింది. అంతా విని, చిన్నప్పటి నుంచి తనకు బస్సెక్కితే వాంతులవుతాయని, అక్కడ డాక్టరు అడిగితే చెప్పాలా అని అడిగింది. నా కాలంలో అందరం దాచినవాళ్లమే. చెప్పు అన్నాను.

"విమానం ఎక్కనియ్యకుంటె?"

"ఎక్కనివ్వకపోవచ్చు. నేను హామీ ఇవ్వలేనమ్మా. అయినా చెప్పు."

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. ఇంకేదో తేలికైన దారి చూపిస్తానని వచ్చింది కాబోలు. నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. అక్కడికి వెళ్లి ఏం చెప్పిందో నాకు తెలియదు. మహేందర్‌కి చెప్పాల్సిన మాట ఇన్నేళ్లు ఆలస్యంగా ఎవరి బిడ్డకో చెప్పాను.