నల్లి ఎముక, సలోమి గారి నాప్కిన్

2024 వేసవి. టీవీలో కనిపించే ఒక పెద్ద షెఫ్ నానక్‌రామ్‌గూడలో పెట్టిన స్టీక్‌హౌస్‌లో నేను కెప్టెన్‌ని. అంటే నాలుగు టేబుళ్ల బాగోగులూ, వాటి తాలూకు తిట్లూ నావే. స్టీక్ అంటే నిప్పుల మీద కాల్చిన మందపాటి మాంసం ముక్క. మా షెఫ్‌కి ఇక్కడి పాతవంటలంటే పిచ్చి కాబట్టి మెనూలో చింతచిగురు నల్లి మాంసం కూడా ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం సలోమి గారనే పెద్దావిడ కూతురితో వచ్చారు. స్టీక్‌ను కాసేపు నమిలి, ఇక నా వల్ల కాదని పక్కకు తోసేశారు. నల్లి మాంసం వచ్చాక మాత్రం ముఖం విప్పారింది. ఎముక చేత్తో పట్టుకుని మూలుగ జుర్రుతుంటే నాకే నోరూరింది.

ఆమె చేతులు కడుక్కోవడానికి లేచారు. అతిథి లేస్తే ఒళ్లో వేసుకున్న నాప్కిన్ తీసేసి కొత్తది మడిచి పెట్టాలని మా రూలు. అలాగే, ముద్దగా ఉన్న పాతదాన్ని విప్పి చూడకుండానే వాడినవాటి బుట్టలో వేశాను.

కాసేపటికి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నా దగ్గరికొచ్చారు. మాట తేలిపోతోంది.

"అమ్మాయ్, ఎముక జుర్రడానికి అడ్డమొస్తున్నాయని కట్టుడు పళ్లు తీసి ఆ గుడ్డలో చుట్టానమ్మా. సాయంత్రం మా పిల్లను చూడ్డానికి పెళ్లివారు వస్తున్నారు. పిల్ల తండ్రి లేరు, మాట్లాడాల్సింది నేనే. దానికి మాత్రం తెలియనీకమ్మా, కంగారుపడుతుంది."

వాడిన నాప్కిన్లు జీడిమెట్ల లాండ్రీకి వెళ్లే వేళ అది. వెనక గుమ్మానికి పరిగెత్తేసరికి స్టోర్ చూసే యాదగిరన్న మూటలు వ్యాన్‌లోకి ఎక్కించేశాడు.

"అన్నా, ఆపు! మూటలు దించు!"

"ఏంది చెల్లె, గింత పరేషాన్ అయితున్నవ్?"

సంగతి చెప్పాను. "అయ్యో పాపం! ఫికర్ చెయ్యకు, దొర్కుతయి" అని మూట విప్పి నేలమీద గుమ్మరించాడు. నేను గుడ్డలు విదిలించబోతే కసిరాడు. "గట్ల విదిలిస్తే పగుల్తయి. జర చేత్తోని తడిమి చూడు."

రెండో మూట అడుగున చేతికి గట్టిగా తగిలింది. దేవుడా! చెక్కుచెదరలేదు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి నాకు.

శుభ్రంగా కడిగి, మూతగిన్నెలో పెట్టి, వాష్‌రూమ్ దగ్గర నిలబడ్డ ఆమెకు అందించి క్షమించమన్నాను.

"నువ్వేం చేశావులే! ముప్పయ్యేళ్లు నర్సుగా చేశాను. ఆపరేషన్‌కి తీసుకెళ్లేముందు ఎందరి పళ్లో పేరు రాసి మరీ దాచిపెట్టాను. ఇవాళ నావి నేనే పోగొట్టుకున్నాను చూడు" అని పకపకా నవ్వారు.

అప్పటి నుంచి "తీయమంటారా అండీ?" అని అడగనిదే ఎవరి నాప్కినూ ముట్టుకోను. మనం మర్యాద అనుకుని చేసేది కూడా ఎదుటివాళ్లను అడిగే చెయ్యాలి. కొత్తగా చేరినవాళ్లకు ప్లేటు పట్టుకోవడం కన్నా ముందు ఇదే నేర్పుతాను.

అన్నట్టు, ఆ సాయంత్రమే రెస్టారెంటుకు నన్ను అడుగుతూ ఫోనొచ్చింది.

"సంబంధం ఖాయమైందమ్మా. మాటలన్నీ నేనే మాట్లాడాను!"