వీధి చివరి ఆసుపత్రి

తొంభైల్లో పాకాల స్టేషన్ పార్శిల్ ఆఫీసులో ఒక గుమాస్తా ఉండేవాడు. పాత ఫారాల వెనకవైపు గ్రహాల కథలు రాసేవాడు. ఒక గ్రహానికి మూడు సూర్యుళ్లు, ఇంకోదాంట్లో రాజు కూడా ఏడాదికోసారి మడక దున్నాల. ఒక కథలోవాళ్లు ఇంకో కథలోకి చుట్టపుచూపుగా వచ్చిపోయేవాళ్లు. ఆ గజిబిజి రాతను నోటుబుక్కులోకి ఎక్కించే పని అదే ఆఫీసులో ఉండే నాది.

ఏ గ్రహమైనా సరే, ఆసుపత్రి మాత్రం వీధి చివరే ఉండేది. విసుగుపుట్టి ఒకసారి ఆ వాక్యాలన్నీ వదిలేసినాను.

"చదివేవాళ్లకు మొహం మొత్తుతుంది సార్," అన్నాను.

ఆయన నోటుబుక్కు మూసి పక్కన పెట్టినాడు.

"తిరపతి ఆసుపత్రికి తీసకపోతా ఉంటే, బస్సులోనే మా ఇంటామె పానం పోయిందబ్బా," అన్నాడు. "ఆ గ్రహాల్లోనన్నా ఆసుపత్రి దగ్గరుండనీ."