మల్లమ్మక్క కొంగున లారీ తాళం

నాచారంలో ఫ్యాక్టరీ లారీ నడిపే మా ఆయన ఈ సాయంత్రం ఉప్పల్ నుంచి నడుచుకుంటూ, రుసరుసలాడుతూ ఇల్లు చేరారు. అక్కడి కల్లు దుకాణం మల్లమ్మక్క డ్రైవర్ల దగ్గర ముందు బండి తాళం తీసుకుని కొంగున ముడేసుకుంటేగాని కల్లు పోయదు. తాగాక ఈయన తాళం అడిగారట.

“చౌరస్తల పోలీసోళ్లు నోరు వాసన సూస్తున్నరు తమ్మీ. లైసెన్సు గుంజుకుంటరు, జైల్ల ఏస్తరు. పిల్లలకేం పెడ్తవ్? పొద్దుగాల రా,” అందట.

తను నడిచొస్తుంటే చౌరస్తాలో తోటి డ్రైవరును పోలీసులు జీపెక్కిస్తుంటే చూశానని చెప్పేటప్పటికి ఈయన గొంతు తగ్గిపోయింది.

ఆ దుకాణాన్ని నేను తిట్టని రోజు లేదు. ఇందాక భోజనం ముందు ప్రార్థనలో మల్లమ్మక్క పేరు కూడా చెప్పాను. కల్లమ్మే మనిషి కోసం ప్రార్థించిన ఇల్లు ఇంకేదైనా ఉంటే చెప్పండి. మా ఇంట్లో మాత్రం ఆమెన్ అందరికంటే గట్టిగా ఆయనే అన్నారు.