మూడో అంతస్తు కుళాయి

2004 ప్రాంతంలో, వీపనగండ్ల నుంచి రోజూ ఉద్యోగానికి బస్సులో తిరగలేక, వనపర్తి శివారులో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటులో అద్దె ఇల్లు చూడటానికి వెళ్లాం. ఊళ్లో బోరింగు నుంచి బిందెలు మోసి నా భార్య నడుము పడిపోయింది. ఇక బరువు ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

వాస్తు ప్రకారం ఇంటికి ఆయం చూడటం నేను సొంతంగా నేర్చుకున్నాను. టేపు పట్టి పొడవు, వెడల్పు కొలిచి గుణించి, ఎనిమిదితో భాగిస్తే శేషం చెడ్డదే వచ్చింది.

“పోదాం పా, ఈ ఇల్లు మనకు అచ్చిరాదు” అన్నాను.

ఆమె కదల్లేదు. వంటగదిలో కుళాయి తిప్పి, ధార కింద చెయ్యి పెట్టి నిలబడింది. కొంగు తడుస్తున్నా చూసుకోలేదు.

“ఇగో, జర ఇటు రా! మనిషి మొయ్యకుండనే నీళ్లు గింత మీదికెక్కినయి. నీ లెక్కల గిది యాడుందో చూపియ్యి!”

నేనూ చెయ్యి పెట్టాను. టేపు చుట్టేసి ఇంటాయనకు సరేనన్నాను. ఇప్పటికీ ఎవరైనా ఆయం చూడమని పిలిస్తే, ముందు కుళాయి తిప్పి చూస్తాను.